అయ్యగారు అటూ ఇటూ అయితే

నేను ఒక మనిషిని చంపాను. పూర్తిగా కాదు, కాసేపే. అదీ ఆదివారం ఆరాధనలో, చర్చి నిండా జనం చూస్తుండగా. ఆయన తర్వాత లేచి మామిడికాయ పప్పుతో శుభ్రంగా భోజనం చేశారు కాబట్టి కేసు అయ్యేదేమీ లేదు. అయినా ముత్తుకూరులో ఇప్పటికీ కొందరు నేను ఎదురైతే గుండె మీద చెయ్యి వేసుకుని రోడ్డుకు అవతలివైపుకు పోతారు. ఇదంతా ఎవరి మీదో కోపంతో చేశాననుకోకండి. మంచి చేద్దామనే చేశాను. నేను మంచి చేద్దామనుకున్నప్పుడే జనం జాగ్రత్తగా ఉండాలని నాకు అప్పటికింకా తెలియదు.

అప్పుడు నేను ఇంజనీరింగు రెండో ఏడు, ఎలక్ట్రానిక్సు. రెండో ఏడంటే మీకు తెలియనిదేముంది, లోకంలో ఉన్న వైర్లన్నీ మన చెయ్యి తగలడం కోసమే కాచుకుని ఉన్నాయనిపించే వయసు. ఇంట్లో మిక్సీ, పక్కింట్లో ఇస్త్రీపెట్టె, ఏది కాస్త మొరాయించినా విప్పేసేదాన్ని. విప్పిన వాటిలో కొన్నింటిని మళ్ళీ బిగించాను కూడా. మా చర్చిలో ప్రొజెక్టరు మీద పాటలు వేసేదీ, మైకు సెట్టు చూసుకునేదీ నేనే. ఆ పని నాకు ఎవరూ అప్పగించలేదు. ఒక ఆదివారం చేతిలో వైరుతో కనిపించాను, ఎవరూ లాక్కోలేదు, అంతే.

మా పాస్టరుగారిని అందరూ అయ్యగారనే అంటారు, ఆయన భార్యను అమ్మగారంటారు. అయ్యగారంటే నాకు ప్రాణం. స్కూల్లో ఉన్నప్పుడు నేను చర్చి స్పీకరు బాక్సు ఒకటి కాల్చేస్తే, కమిటీ వాళ్ళు కారణం అడిగినప్పుడు ఆయన గంభీరంగా, ఈమధ్య చర్చిలో ఎలుకలు ఎక్కువైనాయి అన్నారు. అది అబద్ధం కాదు, ఎలుకలు నిజంగానే ఎక్కువ. అలాంటి మనిషికి ఆ ఏడు గుండెనొప్పి వచ్చింది. నెల్లూరు ఆస్పత్రిలో స్టెంటు వేశారు. చర్చిలో సగం మంది బస్సెక్కి వెళ్ళి, మంచం పక్కన మిషను మీద పాకుతున్న గీతను చూసి, కళ్ళు తుడుచుకుని వచ్చారు. అయ్యగారు తిరిగొచ్చారు గానీ గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. వెనక బెంచీల వాళ్ళకు ప్రసంగం అందడం మానేసింది.

ఇక్కడ మా సంఘపెద్ద జీవరత్నంగారి గురించి చెప్పాలి. థర్మల్ ప్లాంటు కంట్రోలు రూములో పనిచేసి రిటైరైన మనిషి. చెడ్డవారు కాదు, కాకపోతే మనిషి మాట కంటే మీటరు మాట నమ్ముతారు. ఆకలేస్తున్నా గడియారం చూసి గాని కంచం ముందు కూర్చోరని వాళ్ళావిడే చెప్పేది. ఆయన కమిటీలో తేల్చి చెప్పారు. వచ్చే ఆదివారం కూడా వెనకకు వినపడకపోతే అయ్యగారికి విశ్రాంతి ఇచ్చేద్దాం, వేరే పాస్టరును పిలిపిద్దాం అని. విశ్రాంతి అనే మాట వినడానికి మెత్తగా ఉంటుంది గానీ దాని అర్థం అయ్యగారూ అమ్మగారూ చర్చి ఆవరణలోని ఇల్లు ఖాళీ చేసి పోవడమే. అమ్మగారు జాకెట్టు కొలతలివ్వాలని మా ఇంటికొచ్చి, టేపు మెడ మీద ఉండగానే ఏడ్చింది. మా అమ్మ ఆ కొలతలు మళ్ళీ తీసుకోవాల్సొచ్చింది.

అది చూశాక నేను ఊరుకోగలనా. అసలు సమస్య గొంతులో సగమే ఉంది, మిగతా సగం కాళ్ళలో ఉంది. అయ్యగారు ఒకచోట నిలబడి ప్రసంగించే మనిషి కాదు. వాక్యం చదివేటప్పుడు ముందుకు వంగుతారు, వివరించేటప్పుడు వెనక్కి పోతారు. ప్రసంగం చెప్పే బల్ల, అదే పుల్‌పిట్, దాని మీద మైకేమో ఉన్నచోటే ఉంటుంది. కాలరు మైకు పెట్టొచ్చు కదా అని మీరు అడగబోతున్నారు. ఒకసారి పెట్టాం. ప్రసంగం అయ్యాక తీయడం మరిచిపోయి ఆయన ఇంట్లోకి వెళ్ళి, జీవరత్నంగారి మీద తన అభిప్రాయం అమ్మగారికి వివరంగా చెప్పారు. అది నాలుగు బాక్సుల్లోనూ చాలా స్పష్టంగా వినిపించింది. జీవరత్నంగారు మొదటి బెంచీలో కూర్చుని మొత్తం విన్నారు. ఆ తర్వాత మా చర్చిలో కాలరు మైకు ఊసు ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి నేను ఒక మిషను చేశాను. దూరం కొలిచే సెన్సరని ఒకటి దొరుకుతుంది, అగ్గిపెట్టె అంత ఉంటుంది, ముందువైపు రెండు గుండ్రటి కళ్ళు. కళ్ళలా కనిపిస్తాయి గానీ ఒకటి నోరు, ఒకటి చెవి. నోరు మనకు వినపడని శబ్దాన్ని విసురుతుంది. అది ఎదుట ఉన్నదానికి తగిలి తిరిగొస్తే చెవి పట్టుకుంటుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో లెక్క కడతాం. దాన్ని ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకు, ఆ బోర్డును లాప్‌టాప్‌కు కలిపితే దూరం అంకెలుగా వచ్చి పడుతుంది. ఉత్త అంకెలు చూస్తూ కూర్చోవడం నా స్థాయికి తక్కువనిపించి, వాటిని గీతగా మార్చే ప్రోగ్రాము రాశాను. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంది. అయ్యగారు మైకుకు దూరమైతే గీత లేస్తుంది, దగ్గరైతే దిగుతుంది. అది చూసుకుంటూ నేను వాల్యూము పెంచడం, తగ్గించడం చేస్తాను. రెండు మీటర్లు దాటి పోతే ఆయన ఎదురుగా లేనట్టు లెక్క, గీత అడుగుకు పడి చదునుగా సాగుతుంది.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. కానీ కంప్యూటరు చేత తెలుగు కూడా రాయించగలనని చూపించుకోవద్దా. మనిషి ఎదురుగా ఉంటే మూలన పచ్చటి అక్షరాలతో ‘మనిషి ఉన్నాడు’ అని, లేకపోతే తెర మధ్యలో ఎర్రగా ‘మనిషి లేడు’ అని వచ్చేలా పెట్టాను. పెట్టాక మనసొప్పలేదు. అంత పెద్దాయన్ని పట్టుకుని ఉన్నాడు, లేడు ఏమిటి, మర్యాద లేకుండా. మార్చేశాను. ‘అయ్యగారు ఉన్నారు.’ ‘అయ్యగారు లేరు.’ రెండూ ఒకసారి పైకి చదువుకుని, ఇప్పుడు పద్ధతిగా ఉంది అనుకున్నాను. అడుగున ‘దూరం, సెంటీమీటర్లు’ అని కూడా రాశాను గానీ, స్థలం చాలక ఆ అక్షరాలు చీమల బారంత వచ్చాయి.

పరీక్ష కోసం అమ్మను సెన్సరు ముందు నిలబెట్టాను. అమ్మ జాకెట్లు కుడుతుంది. అయ్యగారు ఆరాధనలో వేసుకునే తెల్లటి అంగీ కూడా తనే కుట్టింది. వదులు గుడ్డ శబ్దాన్ని సరిగ్గా తిప్పి పంపదు కాబట్టి అమ్మ చీర మడతలు కదిలినప్పుడల్లా గీత ఒక్కసారిగా నిలువునా లేచి దిగుతోంది. దాన్ని సరిచేయాలి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అమ్మ ఆ లేచే గీతను చూసి, ఇది దేనికే అని అడిగింది.

"అయ్యగారికమ్మా. రేపు పుల్‌పిట్ మీద పెడతా. ఆయన కొంచెం అటూ ఇటూ అయితే చాలు, నాకు వెంటనే తెలిసిపోద్ది."

నేను చెప్పింది ఆయన నడక గురించి. కానీ గుండెకు స్టెంటు పడ్డ మనిషి ‘అటూ ఇటూ అయితే’ అంటే తెలుగు వచ్చినవాళ్ళు ఎవరైనా ఏమనుకుంటారు? అమ్మ మొహం తెల్లబోయింది. చాలాసేపు గీతనే చూసింది. అమ్మగారికి ఈ సంగతి తెలుసా అని అడిగింది. ఇంకా చెప్పలేదన్నాను.

"చెప్పబాక. భయపడిపోతారు పాపం," అంది.

అమ్మ జాలిగుండెకు నేను మురిసిపోయాను. అమ్మగారికి చెప్పొద్దంది గానీ మిగతావాళ్ళకు చెప్పొద్దని తను అనుకోలేదు. ఎవరికీ చెప్పబాకండి అంటూ చెప్పే విషయాలకు జాకెట్టు కొలతల సమయం కంటే అనువైనది ఇంకొకటి ఉండదు. కొలతలిచ్చే మనిషి కదలకుండా నిలబడి వినాలి కదా. ఆ సాయంత్రానికి, అయ్యగారి గుండెను కరుణ కంప్యూటరుకు కలుపుతోందంట అనే వార్త కృష్ణపట్నం దాకా పోయింది. కరుణ అంటే నేనే. నాకొక్కదానికే ఆ వార్త అందలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి సెన్సరును మైకు పక్కన, ప్లాస్టిక్ పూల కూజా చాటున, టేపు వేసి అంటించాను. మా చర్చిలో తెర పుల్‌పిట్ వెనక గోడకు ఉంటుంది. ప్లగ్గు కూడా ఆ గోడకే ఉంది కాబట్టి నా బల్ల ఆ మూలనే, తెర కిందే. నాకు జనం మొహాలు ఎదురుగా కనిపిస్తాయి. తెర చూడాలంటే మాత్రం లేచి వెనక్కి తిరగాలి. ప్రసంగం జరుగుతున్నంతసేపూ తెర మీద ఆనాటి వాక్యం, నా లాప్‌టాప్ మీద గీత ఉండేలా విడదీసి పెట్టుకోవాలి. అయ్యగారు లేచి వచ్చే హడావుడిలో ఒకసారి నొక్కాల్సిన మీట రెండుసార్లు నొక్కాను. దాంతో నా లాప్‌టాప్ మీద ఉన్నదే పెద్ద తెర మీదకూ ఎక్కింది. నల్లటి తెర, పాకుతున్న పచ్చ గీత, మూలన ‘అయ్యగారు ఉన్నారు’. నా ముందు నా గీత నాకు కనిపిస్తోంది కదా, ఇంక నాకు లోకంతో పనేముంది.

ప్రసంగం ఓర్పు గురించి. మామూలుగా మా చర్చిలో ప్రసంగం ఊపందుకునేసరికి ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు ముందు, గాలి అందనివాళ్ళు ఆ తర్వాత నిద్రలోకి జారతారు. ఆ రోజు ఒక్క తల వాలలేదు. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు, చాపల మీద పిల్లలతో సహా అందరూ మెడలు నిక్కించి, అయ్యగారి తలకు కాస్త పైన రెప్పవేయకుండా చూస్తున్నారు. పరలోకం వైపు చూస్తున్నారనుకున్నాను. ఆయన వెనక్కి అడుగు వేస్తే చర్చి మొత్తం ఊపిరి బిగబడుతోంది, ముందుకు వస్తే వదులుతోంది. అంగీ మడత కదిలి గీత నిలువునా లేచినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. ఓర్పు మీద ప్రసంగానికి ఇంత కదిలిపోతారా అని నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అంతా నా వాల్యూము మహిమే అనుకున్నాను.

అది కొంతవరకు నిజం కూడా. మిషను అద్భుతంగా పనిచేస్తోంది. ఆయన దూరం పోగానే పెంచుతున్నాను, దగ్గరికి రాగానే తగ్గిస్తున్నాను. గొంతు చివరి బెంచీ దాటి, గేటు దాటి, బయట బొగ్గు లారీల చప్పుడులో కూడా వినిపిస్తోంది. జనం కళ్ళనీళ్ళు చూసి అయ్యగారికి హుషారు వచ్చింది. జబ్బుకు ముందు ఎలా నడిచేవారో అలా నడవడం మొదలుపెట్టారు. ఆయన నడిచేకొద్దీ గీత పిచ్చిగా ఎగిరింది. అది ఎగిరేకొద్దీ జనం ఏడ్చారు. జనం ఏడ్చేకొద్దీ ఆయన ఇంకా నడిచారు.

చివరికి జీవరత్నంగారు ఉండబట్టలేక లేచి, ఒక కుర్చీ తెచ్చి అయ్యగారి వెనక వేసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయారు. ఇంక చాలించమని సైగ చేస్తున్నారనుకుని అయ్యగారికి రోషం వచ్చింది. చెయ్యి విడిపించుకున్నారు.

"నన్ను కూర్చోబెట్టాలని కొందరికి ఆత్రంగా ఉండాది," అన్నారు మైకులోనే. "దేవుడు నిలబెట్టినంతకాలం నేను నిలబడే ఉంటా."

ఆ మాట అంటూ ఆయన గుండె మీద చరుచుకున్నారు. అంగీ కదిలింది, గీత తెర పైఅంచుకు తగిలి వచ్చింది. చర్చి చర్చంతా బిగ్గరగా ఆమేన్ అంది. అంత గట్టి ఆమేన్ నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ప్రసంగం ముగిశాక అయ్యగారికి ఒక అలవాటుంది. పుల్‌పిట్ వెనక మోకాళ్ళూని ముందు కాసేపు మౌనంగా ప్రార్థన చేస్తారు. ఆ తర్వాతే పైకి ప్రార్థిస్తారు. ప్రతి తల వంచి, ప్రతి కన్ను మూసి ప్రార్థిద్దామని చెప్పి, మెల్లగా వంగి, పుల్‌పిట్ చాటుకు దిగిపోయారు. నేను కళ్ళు మూసుకున్నాను. నమ్మితే నమ్మండి, నిజంగా మూసుకున్నాను. మిషను ఇంత బాగా పనిచేసినందుకు దేవుడికి స్తోత్రం చెల్లించుకుంటున్నాను. ఆ స్తోత్రంలో మధ్యమధ్య నా పేరు కూడా వస్తోంది. నా వెనక తెర మీద ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. అయ్యగారు సెన్సరు ముందు నుంచి తప్పుకున్నారు. గీత అడుగుకు పడి చదునైపోయింది. పుల్‌పిట్ దగ్గర మనిషి కనిపించడం లేదు. తెర మధ్యలో ఎర్రటి అక్షరాలు వచ్చాయి, ఎంతో మర్యాదగా, ‘అయ్యగారు లేరు’ అని.

ముందు అమ్మ గొంతు వినిపించింది. "అయిపోయిందమ్మా, అంతా అయిపోయింది," అని. కళ్ళు తెరిచేసరికి ఆడవాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. జీవరత్నంగారు పుల్‌పిట్ మెట్టు ఒక్క దూకులో ఎక్కి, మోకాళ్ళ మీద ఉన్న అయ్యగారిని వెల్లకిలా పడేసి, రెండు చేతులతో ఛాతీ మీద అదుముతున్నారు. ప్లాంటులో ట్రైనింగు ఇచ్చారట.

"జీవరత్నంగారూ, ఏంది ఈ పని? నేను బాగనే ఉండా," అన్నారు అయ్యగారు, అదుముడుకీ అదుముడుకీ మధ్య.

"మీరు మాట్లాడబాకండి అయ్యగారూ," అన్నారు జీవరత్నంగారు, చూపు తెర మీద నుంచి తిప్పకుండా. "అక్కడ లేరని వచ్చేసింది."

అయ్యగారు ఎలాగో పెనుగులాడి, మెడకు వేలాడుతున్న సంఘపెద్దతో సహా లేచి నిలబడ్డారు. గీత చివాలున లేచింది. మూలన పచ్చగా ‘అయ్యగారు ఉన్నారు’ అని వచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కసారిగా స్తోత్రాలు మోగాయి. అప్పుడు వెనక్కి తిరిగి తెర చూశాను.

అయ్యగారు కూడా తిరిగి చూశారు. చాలాసేపు చూశారు. ఏంది పాపా ఇది అని నన్ను అడిగారు. మైకుకూ మీకూ మధ్య దూరం అయ్యగారూ, గొంతు అందరికీ వినపడాలని పెట్టాను అని ఏడుపుగొంతుతో చెప్పాను. జీవరత్నంగారు ఇంకా రొప్పుతూనే ఉన్నారు.

"గుండె కాదా అది?"

"కాదండీ. సెన్సరు ఎత్తుకు గుండె అందదు," అన్నాను. అక్కడ ఆపొచ్చు. నాకు ఆపడం రాదు. "అందేది పొట్టండీ."

జనం తెర వైపు ఒకసారి, అయ్యగారి వైపు ఒకసారి చూశారు. అంతసేపూ తాము చేతులు జోడించి, కొంగులు తడుపుకుని, ప్రాణాలు బిగబట్టి చూసింది అయ్యగారి పొట్టనని ఒక్కొక్కరికే అర్థమవుతోంది. ముందుగా నవ్వింది అమ్మగారు. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, కుర్చీలో కూలబడిపోయింది. ఆమె అంత భయపడిందని చూశాక నాకు నిజంగా నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది. ఇప్పటికీ ఆ మొహం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జీవరత్నంగారు తేరుకుని, కండువా సర్దుకుని, ఇట్లాంటివి తట్టుకునే శక్తి సంఘానికి లేదు, అయ్యగారు విశ్రాంతి తీసుకోవడమే అందరికీ మంచిది అన్నారు. కొందరు తలలూపారు. ఆయన్ను కాపాడదామని వచ్చి, ఊరి ముందే ఆయన్ను ఇంట్లోనుంచి వెళ్ళగొట్టించాను. అయ్యగారు అంగీ దులుపుకుని మైకు దగ్గరికి వచ్చారు.

"నేను ఉండాలో పోవాలో సంఘమే చెప్పాల. ఒప్పుకుంటా. కాకపోతే ఒక్క మాట. కళ్ళు మూసుకోండని చెప్పి నేను మోకాళ్ళూనినా. ఆ గీత పడిపోయేది, ఆ అక్షరాలు వచ్చేది అంతా ప్రార్థనలోనే జరిగింది. అప్పుడు నిజంగా కళ్ళు మూసుకుని ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. వాళ్ళు ఏం చెప్తే అది చేస్తా."

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు. జీవరత్నంగారు తన కాలివేళ్ళ వైపు ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు. అయ్యగారు అమ్మగారి వైపు తిరిగి, నువ్వు కూడానా అన్నట్టు చూశారు.

"పెళ్ళయిన కాడినుంచి ఎప్పుడూ మూసుకోలా," అంది అమ్మగారు. "మీరు మోకాళ్ళ మీదనుంచి ఎట్టా లేస్తారో అని చూస్తానే ఉంటా."

అప్పుడు మూలనుంచి, వైర్ల మధ్యనుంచి ఒక చెయ్యి మెల్లగా లేచింది. అది నాదే. అమ్మ కూడా నమ్మలేనట్టు చూసింది. అయ్యగారు కళ్ళద్దాలు సరిచేసుకుని, అయితే నువ్వే చెప్పు పాపా, ఉండాలా, పోవాలా అని అడిగారు.

"ఉండండి అయ్యగారూ," అన్నాను. "మైకుకు కొంచెం దగ్గరగా ఉండండి."

అలా సంఘం తీర్మానం నా ఒక్క ఓటుతో నెగ్గింది. అయ్యగారు ఇప్పటికీ మా చర్చిలోనే ఉన్నారు.

ఇక ప్రతిజ్ఞ. కరుణ అనబడే నేను, ఇకమీదట ఏ మనిషి పొట్టనూ వారి అనుమతి లేకుండా కంప్యూటరుకు కలపనని, ఎదురుగా ఎవరు కనిపించకపోయినా ‘లేరు’ అని రాయక ‘కాస్త పక్కకు జరిగారు’ అని మాత్రమే రాస్తానని సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, లాప్‌టాప్ నడుస్తుండగా ప్రార్థనలో రెండు కళ్ళూ మూసుకునే తప్పు ఈ జన్మలో మళ్ళీ చేయను. ఆ రోజు నుంచి ఒకటి తెరిచే ఉంచుతున్నాను. ఆ కంటితో చూస్తున్నాను కాబట్టే చెప్పగలుగుతున్నాను, జీవరత్నంగారివి రెండూ తెరిచే ఉంటున్నాయి.